ఆ నలభై ప్రశ్నలకు ఎన్ని మాటలు కావాలి?

ఈ మధ్య మన గ్రామ సంఘాలలో ఏ ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్ళినా ఒక మనవి తప్పక వినబడుతున్నది. "అయ్యగారూ, మా అమ్మాయి ఐఈఎల్‌టీఎస్ రాస్తున్నదండీ, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అంటారు. పేరు నోరు తిరగని తల్లులు "ఆ లండను పరీక్ష" అంటారు. నర్సింగ్ పూర్తి చేసిన ఆడపిల్లలు, పై చదువులకు పోవాలనుకునే మగపిల్లలు అందరూ ఈ ఒక్క గేటు దగ్గరే నిలబడుతున్నారు. ప్రార్థన తప్పక చేస్తాము. కాని ఆ యౌవనస్థుల చేతిలోని నోటు పుస్తకం తెరచి చూస్తే మాత్రం నాకు దిగులు వేస్తుంది. పేజీకి నడుమ గీత, ఎడమ పక్కన ఇంగ్లీషు మాట, కుడి పక్కన తెలుగు అర్థం, రోజుకు వంద చొప్పున, అక్షర క్రమంలో రాసుకుంటారు. 'ఎ'తో మొదలైన ఆ పుస్తకం చాలా మందికి 'సి' దాటదు.

ఆ నోటు పుస్తకం గురించే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఈ పరీక్ష ఏమిటో తల్లిదండ్రులకు తెలియాలి, ఎందుకంటే ఫీజు కట్టేది వారే. 1989లో మొదలైన ఈ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలున్నాయి. నేను చెప్పబోయేది చదవడం గురించి, అందులోను విశ్వవిద్యాలయాల ప్రవేశానికి, నర్సుల వంటి వారి నమోదుకు అడిగే అకడమిక్ రకం గురించి. మూడు పెద్ద పాఠాలు, నలభై ప్రశ్నలు, అరవై నిమిషాలు. మూడు పాఠాలు కలిపితే 2,150 నుండి 2,750 మాటల దాకా ఉంటాయి. పుస్తకాల నుండి, పత్రికల నుండి, జర్నల్స్ నుండి వాటిని తీసుకుంటారు. తేనెటీగల గురించి ఉండవచ్చు, పాతకాలపు ఓడల గురించి ఉండవచ్చు, పట్టణాలలో రవాణా గురించి ఉండవచ్చు. ఆ శాస్త్రం చదవని మామూలు మనిషికి కూడా అర్థమయ్యే పాఠాలనే ఎంచుతారు గనుక ఆ విషయంలో పండితులు కానక్కరలేదు.

నలభైలో సుమారు 23 సరిగా రాస్తే 6 వస్తుంది, 30 రాస్తే 7 వస్తుంది, 35 రాస్తే 8. పేపరును బట్టి ఒకటి అటూ ఇటూ కావచ్చు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఈ పరీక్ష దారిలో వెళ్ళేవారికి చదవడంలో 7 ఉండాలి. 2018 చివరలో రాసే భాగానికి 6.5 చాలునని తగ్గించారు గాని, చదివే భాగానికి తగ్గించలేదు. అంటే 6 దగ్గర ఆగిపోయిన అమ్మాయికీ 7 తెచ్చుకున్న అమ్మాయికీ తేడా ఏడు ప్రశ్నలు. ఆ ఏడు ప్రశ్నల వెనుక ఒక్కొక్క ఇంటిలో ఏముందో కాపరులమైన మాకు తెలుసు. బ్యాంకులో తాకట్టు పెట్టిన గాజులు, నూటికి రెండు రూపాయల వడ్డీ, వాయిదా పడుతున్న పెళ్ళి. పైగా ఒకసారి వచ్చిన ఫలితం చెల్లేది రెండేళ్ళే.

మా సంఘంలో ఒక నర్సు అమ్మాయి ఉన్నది. కాలువ గట్టు మీది ఊరు, తండ్రి కౌలు రైతు, పదవ తరగతి దాకా తెలుగు మీడియం. రెండుసార్లు పరీక్ష రాసి రెండుసార్లూ చదవడంలో 6 తెచ్చుకున్నది. మూడు వేల మాటల పట్టిక ఆమెకు కంఠతా వచ్చు. 'మ్యాగ్నానిమస్' అంటే ఏమిటమ్మా అంటే వెంటనే చెప్పింది. 'యుబిక్విటస్' అన్నా చెప్పింది. నాకు ఆశ్చర్యమేసింది. తరువాత ఒక సాధన పేపరులో ఆమె తప్పు రాసిన చోట్లన్నీ ఇద్దరం కూర్చుని చూశాము. పెద్ద మాట తెలియక పోయిన మార్కు ఒక్కటే. మిగిలినవన్నీ తెలుసు అనుకున్న మాటల దగ్గర పోయాయి. పాఠంలో ఒకచోట 'హార్డ్లీ' అని ఉన్నది. "హార్డ్ అంటే కష్టం కదండీ అయ్యగారూ, అంటే కష్టపడి పని చేసినట్టే కదండీ?" అన్నది. 'ది పంప్ హార్డ్లీ వర్క్స్' అంటే ఆ పంపు కష్టపడి పనిచేస్తున్నదని కాదు, దాదాపు పనిచేయడం లేదని. ఒక్క మాటతో అర్థం తల్లకిందులైంది.

అప్పటి నుండి ఎవరి నోటు పుస్తకం చూసినా ముందు చిన్న మాటలే అడుగుతున్నాను. 'ఫ్యూ ఫార్మర్స్' అంటే రైతులు లేరన్నంత తక్కువ. 'ఎ ఫ్యూ ఫార్మర్స్' అంటే కొందరు రైతులు ఉన్నారని. నడుమ ఉన్నది ఒక్క 'ఎ' మాత్రమే. 'సెల్డమ్' అంటే అరుదుగా. 'అన్‌లెస్' అంటే అలా జరిగితే తప్ప. 'మే' అంటే జరగవచ్చు, జరుగుతుందని కాదు. 'మోస్ట్' అంటే చాలా వరకు, 'ఆల్' అంటే అన్నీ. ఈ పరీక్షలో ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అని ఒక రకం ప్రశ్నలుంటాయి. పాఠం ఒప్పుకుంటే ట్రూ, పాఠం కాదంటే ఫాల్స్, పాఠం ఆ సంగతి ఎత్తకుండా ఊరుకుంటే నాట్ గివెన్. పాఠంలో 'చాలా ఊళ్ళలో బావి ఉండేది' అని ఉండి, ప్రశ్నలో 'అన్ని ఊళ్ళలో బావి ఉండేది' అని వస్తే, ఊరు తెలిసినా, బావి తెలిసినా ప్రయోజనం లేదు. తీర్పు చెప్పేది ఆ 'చాలా', ఆ 'అన్ని'. ఇలాంటి మాటలు ఒక ముప్పై నలభై ఉంటాయేమో. వాటిని ఏ పట్టికా కష్టమైన మాటలుగా లెక్కించదు. అందుకే వాటిని ఎవరూ నేర్చుకోరు.

ఇంతకూ ఎన్ని మాటలు?

ఈ ప్రశ్న మీద పెద్ద పెద్దవారే పని చేశారు, అందులో ఒకరు మన ఉపఖండంలోనే. మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయుడు ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కళాశాలలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు ఎలా నేర్చుకుంటున్నారో చూసి 1926లో ఒక గ్రంథం ప్రకటించాడు. చాలామంది పిల్లలు చదువు నడుమనే మానేస్తారు, మానేసిననాటికి చేతిలో ఏమైనా మిగలాలి కదా అని ఆయన ఆలోచన. అలా మిగిలేదానికి ఆయన 'సరెండర్ వాల్యూ' అనే మాట వాడాడు. జీవిత బీమా పాలసీ నడుమలో ఆపేస్తే మన చేతికి వచ్చే సొమ్ముకు వాడే మాట అది. ఇంగ్లీషు మాట్లాడడం సగంలో ఆగితే పెద్దగా ఏమీ మిగలదు, చదవడం సగం వచ్చినా కొంత పనికి వస్తుంది అని ఆయన వాదించాడు. అందుకని కొత్త మాటలు కొద్దిగా, దూరదూరంగా వచ్చేలా వాచకాలు తయారు చేశాడు. 1953లో ఆయన పేరుతో వచ్చిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో, ఏ విషయానికైనా అవసరమయ్యే సుమారు రెండు వేల మాటలున్నాయి.

ఆ తరువాత 2000లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆమె మరొక పట్టిక ప్రకటించింది. ఆర్ట్స్, కామర్స్, న్యాయశాస్త్రం, సైన్సు చదువుల నుండి 35 లక్షల మాటల పాఠాలు పోగుచేసి, వెస్ట్ రెండు వేల మాటలు పక్కన పెడితే అన్ని చదువుల్లోను మళ్ళీ మళ్ళీ కనబడే మాటలేవో లెక్క తీసింది. 570 తేలాయి. ఒక్కొక్కటి ఒక మాట కాదు, ఒక కుటుంబం. దానినే అకడమిక్ వర్డ్ లిస్ట్ అంటారు. ఆమె లెక్క ప్రకారం అకడమిక్ పాఠంలో ప్రతి వంద మాటలలో సుమారు 76 వెస్ట్ పట్టికలోవి, మరో 10 ఈ 570 కుటుంబాలవి. కథల పుస్తకాలలో మాత్రం ఈ 570 కుటుంబాలు నూటికి ఒకటిన్నర కూడా రావు. కథలు, సినిమాలు, ఫోను వీడియోల ద్వారా ఇంగ్లీషు బాగా వచ్చిందనుకున్న పిల్లవాడు కూడా ఈ పరీక్షలో తడబడడానికి ఇదొక కారణం.

మిగిలిన ఆ పద్నాలుగు మాటలు? మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, ఆ విషయానికే చెందిన మాటలు. ప్రతి పాఠానికీ అవి మారిపోతాయి గనుక వాటిని ముందుగా బట్టీ పట్టడం జరిగే పని కాదు. వాటిలో చాలా వాటికి పాఠమే అర్థం చెబుతుంది. కామా పెట్టి గాని, అడ్డగీత గీసి గాని, 'దట్ ఈజ్' అని గాని, 'నోన్ యాజ్' అని గాని పక్కనే వివరిస్తారు. మరీ సాంకేతికమైన మాటకు పాఠం కింద అర్థం ఇవ్వడం కూడా ఉన్నది. వివరణ లేకుండా, నిఘంటువు లేకుండా ఏ పుస్తకమైనా హాయిగా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల కుటుంబాలు తెలిసి ఉండాలని పాల్ నేషన్ అనే పండితుడు 2006లో లెక్క కట్టాడు. అది ఏళ్ళ మీద చదవగా చదవగా వచ్చేది. పరీక్షకు ఆరు నెలల గడువున్నవారు ఆ సంఖ్య చూసి బెదిరిపోనక్కరలేదు. మొదటి రెండు వేలూ, ఆ 570 కుటుంబాలూ గట్టిగా పట్టుకోవాలి. 'ఇవే పరీక్షలో వచ్చే మాటలు' అంటూ ఎవరైనా రహస్య పట్టిక అమ్మితే కొనవద్దు. పరీక్ష పెట్టేవారు అలాంటి పట్టికను ప్రకటించలేదు.

మన ఇంట్లో తిరిగే మాటలే

కాక్స్‌హెడ్ పట్టికను వాడుకను బట్టి పది భాగాలు చేశారు. మొదటి భాగంలో ఎక్కువగా కనబడే 60 కుటుంబాలున్నాయి. దానిని మా యౌవనస్థుల కూడికలో చదివి వినిపించినప్పుడు, ఇంగ్లీషు రాదని వెనుక బెంచీలో కూర్చునే పిల్లలు కూడా నవ్వారు. ఏరియా, డేటా, ఫైనాన్స్, ఫార్ములా, ఫంక్షన్, ఇన్‌కమ్, ఇష్యూ, లేబర్, లీగల్, మెథడ్, పర్సెంట్, పీరియడ్, పాలసీ, సెక్షన్, కాంట్రాక్ట్, ఎస్టిమేట్, ఎక్స్‌పోర్ట్, రీసెర్చ్, ప్రాసెస్, రోల్. అరవైలో ఇరవై మాటలు మన రచ్చబండ మీద రోజూ తిరిగేవే! తెలుగు మీడియం పిల్లలకు ఇదొక మూలధనం, ఎవరూ వారికి చెప్పని మూలధనం.

అయితే ఇక్కడే ఒక చిక్కున్నది. ఇంగ్లీషు మాట మన ఊరికి వచ్చినప్పుడు తన అర్థాలన్నీ మోసుకుని రాదు, ఒక్క అర్థంతో వచ్చి ఇక్కడ స్థిరపడిపోతుంది. మన ఊళ్ళో ఫంక్షన్ అంటే ఓణీల ఫంక్షను, షామియానా, భోజనాలు. పాఠంలో 'ది ఫంక్షన్ ఆఫ్ ది లీఫ్' అంటే ఆకు చేసే పని. మనకు పాలసీ అంటే ఎల్.ఐ.సి. ఏజెంటు గుర్తుకు వస్తాడు, పాఠంలో అది ప్రభుత్వ విధానం. పీరియడ్ మనకు బడిలో గంట, అక్కడ వందేళ్ళ కాలం కూడా పీరియడే. ఇష్యూ అంటే మనకు గొడవ. అక్కడ చర్చకు వచ్చిన అంశం, పత్రిక సంచిక, జారీ చేయడం కూడా. ఏరియా అంటే మనకు పేట, అక్కడ పరిశోధనా రంగం కూడా కావచ్చు. లేబర్ అంటే రైతుకు కూలీలు, నర్సు అమ్మాయికి ప్రసవాల వార్డు, పాఠం రాసినవారికి శ్రమ. కాంట్రాక్ట్ మరీ గడుసుది. మనకు అది రోడ్డు పని. క్రియగా వచ్చినప్పుడు లోహం చల్లబడి కుంచించుకుపోవడం కాంట్రాక్ట్ కావడమే, మనిషికి మలేరియా సోకడమూ కాంట్రాక్ట్ కావడమే. నర్సింగ్ పుస్తకంలో ఈ రెండో అర్థం చదివిన అమ్మాయి కూడా పరీక్ష హాలులో కాంట్రాక్టరు దగ్గరకే పోతుంది.

ఆ పట్టికలో లేదు గాని 'డౌట్' కూడా చెప్పుకోవాలి. మన పిల్లలు 'ఐ హావ్ ఎ డౌట్' అంటే ఒక ప్రశ్న అడగాలని. పాఠంలో పండితులు ఒక మాటను డౌట్ చేశారు అంటే దానిని నమ్మలేదని, ఒప్పుకోలేదని. రచయిత అభిప్రాయం మీద వచ్చే ప్రశ్నలలో ఈ తేడా మార్కు తెస్తుంది, లేదా తీసుకుపోతుంది.

కాబట్టి నేర్చుకోవడం మొదలుపెట్టవలసింది తెలియని మాటతో కాదు, తెలిసిన మాటతో. ఆ ఇరవై మాటలు తీసుకుని, ఒక్కొక్కదానికి మన ఊరి అర్థం ఒక పక్కన, పుస్తకంలోని అర్థం మరొక పక్కన రాసుకోమనండి. వారం రోజుల పని. భయం సగం పోతుంది.

మాటకు చుట్టాలు

కుటుంబం అన్నాను కదా. మన భాషలో చదువు, చదువరి, చదివించు, చదివింపులు ఒకే ఇంటివి. అయినా చదివింపులు పెళ్ళిపందిట్లో ఉంటాయి గాని బడిలో ఉండవు. ఇంగ్లీషులోను అంతే. 'వేరీ' అంటే మారడం, 'వేరియేషన్' అంటే మార్పు, 'వేరియబుల్' అంటే మారేది. అదే ఇంటి 'ఇన్‌వేరియబ్లీ' అంటే తప్పకుండా, ఎప్పుడూ అని. ప్రశ్నలో ఒక చుట్టం వస్తుంది, పాఠంలో మరొక చుట్టం ఉంటుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లని గుర్తుపట్టిన పిల్లవాడు పాఠమంతా వెదకడు, నేరుగా ఆ చోటికే పోతాడు.

మాట ముందు వచ్చే ముక్కల విషయంలో మన పిల్లలకు తెలుగే సాయం చేస్తుంది. 'ఇంటర్‌నేషనల్' అంటే అంతర్జాతీయం. ఆ 'ఇంటర్'కూ మన 'అంతర్'కూ పూర్వం చుట్టరికముందని భాషా శాస్త్రజ్ఞులు అంటారు. 'ట్రి' మన 'త్రి'. కాదు అని చెప్పే 'అన్' మన 'అనర్హుడు', 'అనవసరం'లో ఉన్నదే. ఎనిమిదో తరగతిలో 'కిరణజన్య సంయోగక్రియ' అని నోరు తిరిగేలా నేర్చుకున్న పిల్లకు 'ఫోటోసింథసిస్' ఒక లెక్కా? 'ఫోటో' అంటే వెలుగు, 'సింథసిస్' అంటే కలిపి కూర్చడం. అయితే ముక్కలను గుడ్డిగా నమ్మకూడదు. 'ఇన్‌వాల్యుబుల్' అంటే విలువ లేనిది అనుకుంటారు. వెల కట్టలేనంత విలువైనది అని దాని అర్థం.

ఇక ఒకే అర్థానికి వేరు వేరు మాటలు. ప్రశ్న వేసేవారు పాఠంలోని మాటనే ప్రశ్నలో పెట్టరు, అదే ఈ పరీక్ష ఆయువుపట్టు. పాఠంలో 'ఆన్యువల్' ఉంటే ప్రశ్నలో 'ఈచ్ ఇయర్' ఉంటుంది. పాఠంలో 'ఇన్‌హాబిటెంట్స్' ఉంటే ప్రశ్నలో 'పీపుల్ లివింగ్ దేర్'. 'స్కేర్స్' బదులు 'ఇన్ షార్ట్ సప్లై'. 'డిక్లైన్డ్ షార్ప్లీ' బదులు 'ఎ స్టీప్ ఫాల్'. సాధన పేపరు చేసిన ప్రతిసారీ మరునాడు తీరికగా కూర్చుని, ప్రశ్నలోని మాటకు పాఠంలో ఏ మాట జతపడిందో రెండు వరుసలలో రాసుకోవాలి. నా ఉద్దేశంలో ఈ జతల పుస్తకం ముందు ఆ మూడు వేల మాటల పుస్తకం చాలదు. తెలుగు అర్థం అసలు వద్దని నేను అనడం లేదు. మాట మొదట పట్టుబడడానికి తెలుగే దగ్గరి దారి. కాని పరీక్షలో అడిగేది తెలుగు అర్థం కాదు, ఒక ఇంగ్లీషు మాటకు మరొక ఇంగ్లీషు మాట.

అందుకే ఇంగ్లీషు నుండి ఇంగ్లీషుకు ఉన్న విద్యార్థి నిఘంటువు ఒకటి ఇంటిలో ఉండాలి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు అర్థాలన్నీ సుమారు రెండు వేల తేలిక మాటలలోనే రాశారు. ఆ రెండు వేలు వచ్చినవాడు నిఘంటువును ఎవరి సాయం లేకుండా చదువుకోగలడు. ఇప్పుడు ఇలాంటివి ఫోనులోను దొరుకుతాయి. ఇక మన ఇళ్ళలో ఇంగ్లీషు పుస్తకమంటే బైబిలే కదా, దానిని చదివితే చాలదా అని కొందరు అడుగుతారు. చదవడం మంచిదే, తెలుగు బైబిలు పక్కన పెట్టుకుని తేలిక అనువాదం చదివితే ఆ మొదటి రెండు వేల మాటలు బలపడతాయి. అయితే కింగ్ జేమ్స్ అనువాదం 1611 నాటి భాష. ఈ పరీక్షకు అది పనికి రాదని పాస్టరునైన నేనే చెబుతున్నాను.

అట్టపెట్టె లెక్క

570 కుటుంబాలు రోజుకు ఐదు చొప్పున, వారానికి ఆరు రోజులు, మొత్తం పందొమ్మిది వారాలు. అంతే. కాని నేర్చుకున్నది నిలవాలి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. మరపు మొదటి కొద్ది గంటలలోనే ఎక్కువగా జరుగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. మరచిపోబోయే సమయానికి మళ్ళీ ఒకసారి పలకరిస్తే మాట నిలుస్తుంది. సండేస్కూలు టీచర్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆదివారం నేర్పిన వాక్యాన్ని బుధవారం అప్పజెప్పించి, మళ్ళీ ఆదివారం అడిగే టీచరు దగ్గర చదివిన పిల్లలకు ముప్పై ఏళ్ళకైనా అది నోటికి వస్తుంది. అదీ ఒక మాటగా కాదు, పూర్తి వాక్యంగా.

1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే పత్రికా రచయిత దీనికి ఒక పెట్టె ఉపాయం చెప్పాడు. చెప్పుల అట్టపెట్టెలో ఐదు అరలు చేయాలి. పాత శుభలేఖల వెనుక తెల్లగా ఉంటుంది కదా, వాటిని చీటీలుగా కత్తిరించుకోవచ్చు. చీటీకి ఒక వైపున మాట ఒక్కటే కాకుండా అది ఉన్న వాక్యం రాయాలి. రెండో వైపున తెలుగు అర్థం, ఇద్దరు ముగ్గురు చుట్టాలు, అదే అర్థమిచ్చే మరొక ఇంగ్లీషు మాట. కొత్త చీటీ మొదటి అరలో. సరిగా చెబితే రెండో అరకు, మళ్ళీ చెబితే మూడో అరకు. తప్పు చెబితే ఎంత దూరం పోయినదైనా తిరిగి మొదటికే. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకు తీయాలి. చీటీ పట్టుకుని అడగడానికి ఇంగ్లీషు రానక్కరలేదు. నేను చెప్పిన ఆ నర్సు అమ్మాయికి తెలుగు వైపు చూస్తూ అప్పజెప్పించుకున్నది వాళ్ళ నాయనమ్మ.

ఆ అమ్మాయికి పందొమ్మిది వారాలలో అవలేదు. ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు, నడుమ కోతలు. ఏడు నెలలు పట్టింది. మూడోసారి చదవడంలో 7.5 వచ్చింది. రాయడంలో 6 దగ్గర ఆగి ఇప్పుడు దానితో కుస్తీ పడుతున్నది. అది వేరే సంగతి, వేరే సాధన.

మాటలు చీటీల మీద నేర్చుకున్నా, పనిచేయవలసింది గడియారం ముందు. పాఠానికి ఇరవై నిమిషాలే. తెలియని మాట దగ్గర నిమిషం ఆగితే, పది మాటలకు పది నిమిషాలు పోయినట్టే. అందుకని వారానికి ఒక్కసారైనా గంట సేపు, నడుమ లేవకుండా పూర్తి పేపరు చేయాలి. తెలియని మాటను దాటిపోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. కంప్యూటరు మీద రాయబోయేవారు తెర మీద చదవడమే అలవాటు చేసుకోవాలి. 'రెండు మాటలకు మించకుండా' అంటే మూడు రాస్తే సున్నా. పాఠంలోని మాటనే దించమంటే దానిని మార్చకుండా దించాలి. అక్షరం తప్పినా మార్కు పోతుంది.

పాఠం ఎరోజన్ గురించి వస్తే పట్నం పిల్లలకంటే మన పిల్లలకే త్వరగా అర్థం కావాలి. ఏటా వరదకు గట్టు కోసుకుపోవడం చూసినవారు వీరు. ఇరిగేషన్, పెస్ట్, ఈల్డ్, డ్రౌట్ మనకు విషయంగా తెలిసినవే, పేరు ఒక్కటే కొత్త. తండ్రులకు ఒక మాట. పొలం గట్టు మీద కూర్చున్నప్పుడు మీకు తెలిసినది పిల్లలకు చెప్పండి. ఆ పేరుకు చీటీ వాళ్ళు రాసుకుంటారు.

తల్లులకు మరొక మాట. మగపిల్లవాడు వరండాలో ఫ్యాను కింద పుస్తకం పట్టుకుంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. అదే పరీక్షకు చదివే ఆడపిల్లను మాత్రం పేపరు నడుమ గిన్నెలకు పిలుస్తారు. ఆ గంట ఆమెకు వదిలిపెట్టండి. 'సర్టిఫికెట్ గ్యారంటీ' అని ఫోను చేసేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పరీక్షకు ముందు వారం కొత్త చీటీలు రాయనివ్వకండి, పాతవి తిప్పుకుంటే చాలు. ఫీజు కట్టి తేదీ తీసుకునే ముందు, ఇంటిలో గడియారం పెట్టి రాసిన మూడు పేపర్లు చూపించమని అడగండి. మూడింటిలోను 32కు తగ్గకుండా ఉంటే కట్టండి. తగ్గితే ఇంకొక నెల ఆగండి, ఆ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.